పాడి రాయితీ గేదె కొనడానికా, పోసిన లీటరుకా?

రాజాం పాడి:
కర్ణాటకలో సహకార సంఘానికి పాలు పోసే రైతుకి లీటరుకి 5 రూపాయల ప్రోత్సాహకం పెట్టారు. 2008లో 2 రూపాయలతో మొదలైంది. మనకి ఇన్నాళ్లూ గేదెకి, షెడ్డుకే రాయితీ. దాణా ఖర్చు రోజూ ఉంటుంది, రాయితీ మాత్రం ఒక్కసారే. నన్నడిగితే లీటరుకే ఇవ్వాలి.

టెక్కలి గోపాలం:
గోకులం పథకం కింద పశువుల షెడ్డుకి 90 శాతం రాయితీ ఇస్తన్నారు కదా.

గజపతినగరం రైతు:
షెడ్డు సరేనండి, మేత ఏదీ? మే నెలలో వరిగడ్డే దిక్కు.

పొందూరు గడ్డి:
లీటరు లెక్క ఎక్కడ తేలుతుంది? పాల సేకరణ కేంద్రంలో వెన్న కొలిచే మిషన్ దగ్గర. ఆ మిషన్ రోజూ కడగకపోతే వెన్న శాతం తప్పు చూపిస్తుంది. క్యాను కలపకుండా పైనుంచి నమూనా తీస్తే వెన్న ఎక్కువొస్తుంది, అడుగునుంచి తీస్తే పడిపోతుంది. అనుమానం ఉంటే గెర్బర్ పరీక్ష (ఆమ్లంతో వెన్న విడదీసి కొలిచేది) అడగండి: 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్. ఎన్ని కేంద్రాల్లో చేస్తన్నారు?

రాజాం పాడి:
వెన్న సంగతి ధరకి. ప్రోత్సాహకం లీటరుకి. రెండూ కలపకండి.

పొందూరు గడ్డి:
వెన్న తక్కువొస్తే పాలు వెనక్కి పంపేస్తారు. అప్పుడు లీటరేదీ? దూడని ఆఖర్న వదిలితే చివరి ధారలు దానికే పోతాయి. వెన్న ఎక్కువుండేది వాటిలోనే.

రాజాం పాడి:
మళ్లీ వెన్నేనా! పాడి పశువుల అప్పు మీద రాయితీ ఇచ్చిన పాత నాబార్డు పథకం చూడండి. 2010లో వచ్చింది. 25 శాతం, ఎస్సీ ఎస్టీలకి 33.33. ఆ డబ్బు రైతు చేతికి వచ్చేది కాదు, బ్యాంకులో విడిగా ఉంచి అప్పు చివర్న సర్దేవారు. ఈలోగా వాయిదాలు రైతే కట్టాల్సి వచ్చేది, గేదె పాలిచ్చినా ఇవ్వకపోయినా. అదే లీటరుకిస్తే పాలు పోసినోడికే డబ్బు.

పొందూరు గడ్డి:
అదేనండి నా బాధ. పది ఆవులున్న ఫారం రోజుకి 100 లీటర్లు పోస్తే నెలకి 15 వేలు. ఒక్క గేదె ఉన్న ఇల్లు 4 లీటర్లు పోస్తే 600. అది వట్టిపోతే ఆ నెలల్లో సున్నా. ఆ ఇంటి ఆవిడ రైతు కాదేటి?

రాజాం పాడి:
పది ఆవులు పెట్టినోడు అప్పు తెచ్చాడు, కూలి ఇస్తన్నాడు. అతనికి రాయితీ తప్పంటారా? ఊరికి పాలు పెరగాలా వద్దా?

పొందూరు గడ్డి:
పాలు పెరగడానికి ఇస్తే ఫారాలకి పోతుంది. ఇల్లు నిలబడడానికి ఇస్తే గేదెలున్న ఇళ్లకి పోతుంది. మీరు మొదటిది అంటన్నారు, నేను రెండోది అంటన్నాను. వెన్న గురించి ఇంతసేపు కొట్టుకోవాల్సింది కాదు.

రాజాం పాడి:
సరే, రోజుకి మొదటి 10 లీటర్లకే అని పరిమితి పెడితే ఒప్పుకుంటాను. పాలు పోయని గేదెకి డబ్బివ్వడానికి మాత్రం ఒప్పుకోను.

గజపతినగరం రైతు:
అక్కడే పొరపాటండి. చూడి గేదెని ఈనడానికి 2 నెలల ముందు పాలు మాన్పించాలి. అప్పుడే రోజుకి కిలోన్నర అదనపు దాణా, 50 గ్రాముల ఖనిజ లవణాల మిశ్రమం పెట్టాలి. పాలు లేవని మేత తగ్గిస్తే ఈనాక పొదుగు నిండదు. తర్వాత ఎంత దాణా పోసినా లోటు తీరదు. మీరు లెక్కపెట్టే లీటర్లు ఆ 2 నెలల్లోనే తయారవుతాయి.

రాజాం పాడి:
డబ్బిస్తే మేతకే పెడతారని ఏటి హామీ?

గజపతినగరం రైతు:
డబ్బొద్దు, దాణా బస్తాలివ్వండి, రైతు సేవా కేంద్రం నుంచి. చెవిపోగు మీద 12 అంకెల నంబరుంది, చూడి కట్టడానికి సూది వేసిన తేదీ దాని కిందే ఎక్కుతుంది. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఎప్పుడు ఈనుతుందో లెక్క కట్టొచ్చు.

టెక్కలి గోపాలం:
పోగు ఊడిపోతే?

గజపతినగరం రైతు:
వెంటనే కొత్తది వేయించి, పాత నంబరుకి కలిపించుకోవాలి. లేకపోతే బస్తా ఒక్కటే కాదు, బీమా కూడా రాదు.