మూడో తరగతి పాపకీ, ఏడో తరగతి బాబుకీ ఏ షోలు పెట్టాలి?

కూకట్‌పల్లి అమ్మ:

నమస్కారం అండీ. మా బాబు ఏడో తరగతి, పాప మూడో తరగతి. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక ఏడింటి దాకా పిల్లలు అత్తమ్మ దగ్గరే ఉంటారు. ఆ టైమ్‌లో టీవీ పూర్తిగా మానిపించడం మావల్ల కావట్లేదు. చూసేదేదో పనికొచ్చేది చూస్తే బాగుంటుందని నా కోరిక. ‘ఎడ్యుకేషనల్’ అని పేరు పెట్టినవి తెరిస్తేనేమో సగం గోలే. పాప గంటసేపు చూసి లేచాక ‘ఏం చూశావమ్మా’ అంటే ఒక్క ముక్క చెప్పలేకపోతోంది. బాబు అవన్నీ చిన్నపిల్లలవి అంటాడు. పైగా అత్తమ్మకు ఇంగ్లిష్ రాదు. తెలుగులో ఏమైనా ఉన్నాయా? మీరంతా ఎలా ఎంచుకుంటున్నారు?

బయాలజీ టీచర్, తెనాలి:

మేడం, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్తాను. ఏ షో అయినా నేను ముందు చూసేది ఒకటే: ప్రశ్నకీ జవాబుకీ మధ్య పిల్లలకు ఆలోచించే సందు ఇస్తోందా లేదా? ప్రశ్న వేసిన మరుక్షణం జవాబు అరిచేస్తే ఎంత ఖర్చు పెట్టి తీసినా పక్కన పెట్టేస్తాను. మీ పాప ఏమీ చెప్పలేకపోతోందంటే ఆ షోలు తనకు ఆలోచించే పనేమీ పెట్టట్లేదని నాకనిపిస్తోంది.

బీబీసీ వాళ్ల ‘బ్లూ ప్లానెట్ 2’ (2017) మొదటి భాగంలో టస్క్‌ఫిష్ అనే చేప ఉంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఇసుకలోంచి ఆల్చిప్పను తవ్వి తీసి, నోట కరుచుకుని ఎక్కడికో ఈదుకుంటూ పోతుంది. అక్కడ పాజ్ చేసి మా ఆరో తరగతి పిల్లల్ని అడిగాను, చేతుల్లేవు కదా, దాన్నెట్లా తెరుస్తుందని. ‘పళ్లతో కొరుకుద్ది మేడం’ అని ఒకడు, ‘రాయికేసి కొట్టుద్ది’ అని ఇంకొకడు. క్లాసంతా రెండు పార్టీలైపోయింది. మళ్లీ ప్లే చేస్తే ఆ చేప పగడపు దిబ్బకేసి చిప్పను బాదుతోంది, పగిలేదాకా వదలట్లేదు. ‘మరి పనిముట్లు మనుషులే వాడతారన్నారుగా’ అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. ఇక ఆ రోజు పాఠం దాని మీదే నడిచింది.

తెలుగు సంగతి: సోనీ బీబీసీ ఎర్త్‌కూ, డిస్కవరీకీ తెలుగు ఆడియో ఉంది. మీ సెట్‌టాప్ బాక్స్‌లో భాష మార్చుకుని చూడండి. అత్తమ్మగారిని కూడా కూర్చోమనండి. పల్లెటూళ్లో పెరిగినవారైతే పాముల గురించీ పిట్టల గురించీ ఆ షోలో లేని సంగతులు చెప్తారు, పిల్లలు ఆవిడను అడగడం మొదలుపెడతారు. టీ-శాట్ విద్యలో వచ్చేవి పాఠాలు, పరీక్షకు పనికొస్తాయి. సాయంత్రం మళ్లీ క్లాసులో కూర్చోబెట్టినట్టు అవుతుంది కాబట్టి నేను వాటిని ఇక్కడ కలపను.

పాపకు ఇంగ్లిష్ కొంచెం అర్థమవుతుందంటే ‘ద మ్యాజిక్ స్కూల్ బస్’ పెట్టండి. 1994 నుంచి 1997 దాకా అమెరికాలో పీబీఎస్‌లో వచ్చింది. టీచరమ్మ క్లాసును బస్సెక్కించి ఒక ఎపిసోడ్‌లో ఏకంగా తోటి పిల్లాడి పొట్టలోకే తీసుకెళ్తుంది. ఎపిసోడ్ చివర పిల్లలు నిర్మాతకు ఫోన్ చేసి ఫలానాది అలా జరగదు కదా అని నిలదీస్తారు, అవతలివాళ్లు ఏది నిజమో, కథ కోసం ఏది మార్చారో ఒప్పుకుంటారు. ఇలా చేసే షోలు ఎక్కువ లేవు. దాన్ని మాత్రం స్కిప్ చేయనివ్వకండి. ఎక్కాలకు ‘నంబర్‌బ్లాక్స్’ బాగుంటుంది. 12 అనే బొమ్మ మూడు వరసల్లో నాలుగేసి, రెండు వరసల్లో ఆరేసి గళ్లుగా మారుతుంటే గుణకారం కంటికి కనిపిస్తుంది.

డాలస్ నాన్న:

టీచర్‌గారూ, ఇంట్లో మధ్యలో ఆపితే మావాడు లేచి వెళ్లిపోతాడండీ. క్లాసులో కుదిరినట్టు ఇంట్లో కుదరదు. మేము పూర్తిగా చూడనిచ్చి తర్వాత మాట్లాడతాం. ‘వైల్డ్ క్రాట్స్’ మా ఇంట్లో బాగా నడుస్తుంది. మార్టిన్, క్రిస్ క్రాట్ అన్నదమ్ములు మొదట నిజంగా జంతువుల దగ్గరికెళ్లి చూపిస్తారు, తర్వాత ‘దీని శక్తి మనకుంటే?’ అంటూ కార్టూన్‌లోకి వెళ్తారు. ఏది నిజమో ఏది కల్పనో పిల్లలకు తెలిసిపోతుంది. ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్యకు ఆ వారం చూసిన జంతువు గురించి తెలుగులో చెప్పాలని పెట్టాం. మాటలు వెతుక్కుంటాడు, అయినా చెప్తాడు.

కూకట్‌పల్లి అమ్మ:

చాలా థాంక్స్ అండీ. నిన్న ‘ప్లానెట్ ఎర్త్ 2’ పెట్టాం. బల్లిపిల్ల వెంట పాములు పడే చోట పాప ఏడ్చేసింది, రాత్రి నన్ను వదల్లేదు. బాబు అదే సీను మళ్లీ పెట్టమంటున్నాడు. ఇద్దరికీ కలిపి ఒకటి దొరకదా?

బయాలజీ టీచర్, తెనాలి:

అది గాలపాగోస్ దీవుల్లోని సముద్రపు ఇగ్వానా, మేడం. మూడో తరగతికి అది బరువైన సీనే. అన్ని పాములు చుట్టేసినా ఆ పిల్ల విడిపించుకుని పరిగెత్తుతుంది, చివరికి బతుకుతుంది. పాప కళ్లు మూసుకుని ఆ ముక్క చూడలేదేమో, పగటిపూట మీరు పక్కన కూర్చుని చెప్పండి. చూడనంటే వదిలేయండి. వేట ఉన్నవి ఇంకో రెండేళ్లు ఆగినా నష్టమేమీ లేదు.

డాలస్ నాన్నగారు చెప్పింది ఇంటికి సరిపోతుంది. మొదటిసారి పూర్తిగా చూడనిచ్చి, రెండోసారి ఆపండి.

బాబుకు 2014లో వచ్చిన ‘కాస్మోస్’ ఇవ్వండి. 1380 కోట్ల ఏళ్ల విశ్వం వయసును ఒక్క ఏడాది క్యాలెండర్‌గా కుదిస్తారు. అందులో మనుషులు ఎప్పుడొస్తారో ముందే బాబుతో ఒక తేదీ రాయించండి. డిసెంబర్ 31 రాత్రి అని ఎవరూ రాయరు. సోషల్‌లో విజయనగరం పాఠం వచ్చినప్పుడు ‘భారత్ ఏక్ ఖోజ్’లో ఆ భాగం చూపించండి. హైదరాబాద్‌లో పుట్టిన శ్యాం బెనగళ్ 1988లో దూరదర్శన్‌కు తీసిన 53 భాగాల సీరియల్ అది. హిందీలో ఉంటుంది, నడక నెమ్మది, కాబట్టి వరసగా పెట్టకండి. దాని టైటిల్స్‌లో వినిపించే రుగ్వేదం నాసదీయ సూక్తం కూడా సృష్టి ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరికి తెలుసని అడుగుతుంది. అంత పాత కాలంలో అలా అడిగారని తెలిస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఇద్దరికీ కలిపి అంటే అర్వింద్ గుప్తా వీడియోలు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పిన మనిషి, 2018లో పద్మశ్రీ వచ్చింది. చాలా వీడియోలు నిమిషం, రెండు నిమిషాలే. చూడగానే టీవీ కట్టేసి చేతులకు పని చెప్పొచ్చు. సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టేదాంతో మొదలుపెట్టండి. చతురస్రం నొక్కితే వాలిపోతుంది, త్రిభుజం కదలదు. ఎందుకో అన్నాచెల్లెళ్లనే కొట్లాడుకోనివ్వండి. ట్యూబ్ సైకిల్ షాపులో దొరుకుతుంది. పుల్లల మందు మాత్రం మీరే గీకేసి ఇవ్వండి.