రాకెట్ వాయిదా పడితే ఏం చేస్తారు? మన మహేంద్రగిరి మీంచి కనిపిస్తుందా?

పర్లాకిమిడి_చినబాబు:
శ్రీహరికోట వెళ్లేవాళ్లూ, ఇంట్లో చూసేవాళ్లూ ఇద్దరూ చెప్పండి. వాయిదా అనగానే ఏం చేస్తారు? ఎన్నాళ్లు పడుతుందో ముందే పసిగట్టొచ్చా? పలాసలో రైలెక్కితే ఎక్కడ దిగాలి? రాత్రి ప్రయోగమైతే మహేంద్రగిరి ఎక్కితే కనిపిస్తుందా?

బరంపురం_బుల్లిరాజు:
అన్నిటికీ ఒకటే మాట "వాయిదా", నాకు మండేది అక్కడే. హోల్డ్ వేరు, వాయిదా వేరు. హోల్డ్ అంటే గడియారం ఆగింది, మళ్లీ కదలొచ్చు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ టీవీ-డీ1 (మనుషుల్లేని పరీక్ష ప్రయోగం) ఉదయం 8కి అన్నారు. వాతావరణం వల్ల 8.45 అయింది. 5 సెకన్లుందనగా కంప్యూటరే ఆపేసింది. 10 గంటలకి ఎగిరింది! ఆగగానే టీవీ కట్టేసినవాళ్లకి క్రూ మాడ్యూల్ (వ్యోమగాములు కూర్చునే గది) పారాచ్యూట్లతో దిగడం దక్కలేదు. విండో, అంటే ఆ రోజు ప్రయోగానికి కుదిరే వేళ, ముగిసేదాకా లేవకండి.

రాయగడ_లైన్‌మన్:
కారణం వినండి, రోజులు అవే తెలుస్తాయి. అంతరిక్ష శకలాలో, వేరే ఉపగ్రహాలో అడ్డమైతే సెకన్లు, నిమిషాలు. చంద్రయాన్-3కి 4 సెకన్లు, స్పేడెక్స్‌కి 2 నిమిషాలు (9.58 కాస్తా 10 అయింది), పీఎస్‌ఎల్‌వీ-సీ49కి 10 నిమిషాలు. ఉపగ్రహంలో తేడా వస్తే ఒకోసారి ఒక్క రోజే: ప్రోబా-3 డిసెంబరు 4న ఆగి 5న సాయంత్రం 4.04కి వెళ్లింది. రాకెట్లోనే ఏదైనా కారిందా, ఇంక క్యాలెండర్ తియ్యండి.

గుణుపురం_మాస్టారు:
కారడంలోనూ తేడా ఉంది బాబూ. చంద్రయాన్-2 ని 2019 జులై 15 తెల్లవారుజామున 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపారు. అప్పటికి క్రయో దశ (అతి చల్లటి ఇంధనంతో నడిచే పై దశ) నింపేశారు: ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీలు, ద్రవ హైడ్రోజన్ మైనస్ 253. ముందు అదంతా వెనక్కి తోడాలి. ట్యాంకులు మామూలు వేడికి రావాలి. హీలియంతో గొట్టాలు ఊదాలి. హైడ్రోజన్ మిగిలి గాలి కలిసిందంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోడానికి. ఆ తర్వాతే మనుషులు దగ్గరికెళ్లేది. అయినా 22కల్లా ఎగిరిందంటే చిన్న పని కాదు.

జీఎస్‌ఎల్‌వీ-డీ5 సంగతి వేరు. 2013 ఆగస్టు 19న గంటా 14 నిమిషాల ముందు రెండో దశలో యూహెచ్25 అనే ద్రవ ఇంధనం కారింది. ట్యాంకు లోహమే పగుళ్లకు లొంగేది. ఆ దశ మొత్తం మార్చి, ఏఏ2219 అనే అల్యూమినియం మిశ్రమంతో చేసిన ట్యాంకు పెట్టారు. 2014 జనవరి 5న పోయింది. అది మన క్రయో ఇంజన్‌తో మొదటి గెలుపు. నాలుగున్నర నెలలు ఊరికే పోలేదు.

కాశీనగర్_కుర్రోడు:
ఇవన్నీ సరే. మహేంద్రగిరిలో ఇస్రో ఇంజన్ పరీక్షలే చేస్తంది, అలాంటి చోటు నుంచి రాకెట్ కనపడదంటే ఎలగ?

బరంపురం_బుల్లిరాజు:
తమ్ముడూ, అది తమిళనాడు మహేంద్రగిరి, తిరునల్వేలి జిల్లా! మన గజపతి జిల్లా కొండ మీద శివుడి గుళ్లున్నాయి, టెస్ట్ స్టాండు లేదు. పేపర్లో ఊరి పేరు చూసి ప్రతిసారీ ఇదే గొడవ.

కాశీనగర్_కుర్రోడు:
పేరు పొరపాటైతే అయింది. కొండ ఎత్తు 1501 మీటర్లు, కనపడదని లెక్కేసి చెప్పండి చూద్దాం.

సర్వే_గొలుసు:
లెక్క నేనేస్తాను, ఇది నా పనే. కొండ నుంచి శ్రీహరికోట దాదాపు 730 కి.మీ. భూమి వంపు వల్ల సముద్రమట్టంలో నిలబడితే రాకెట్ 42 కి.మీ. ఎత్తు దాటాకే దిగంతం మీదకొస్తుంది. కొండ మీదైతే 28 చాలు. ఎల్‌వీఎం3 పక్క బూస్టర్లు ఎస్200లు 62 కి.మీ. దగ్గర విడిపోతాయి. అప్పటికి అది గోపాలపురం బీచిలో ఉన్నవాడికైనా, మీకైనా దిగంతానికి రెండు మూడు డిగ్రీల లోపే. చెయ్యి చాచి రెండు వేళ్లు అడ్డం పెట్టండి, అంతే ఎత్తు. లెక్కలో కనపడుతుంది.

గుణుపురం_మాస్టారు:
లెక్కలో కనపడితే చాలా? అన్నేసి కిలోమీటర్ల గాలి, సముద్రపు ఆవిరి ఆ రెండు వేళ్ల ఎత్తులోనే ఉంటాయి. నక్షత్రాలే అక్కడ మాయమవుతాయి. పైగా మెరిసేది ఘన ఇంధనమే. ఎస్200లు రాలాక మిగిలేది ఎల్110, ద్రవ ఇంధనపు నడిమి దశ, దాని మంట పాలిపోయి ఉంటుంది. పీఎస్‌ఎల్‌వీ అయితే ఎక్కువసార్లు దక్షిణానికి పోతుంది, అసలే దూరం. పిల్లల్ని రాత్రిపూట కొండెక్కించకండి, చెప్తన్నాను.

సర్వే_గొలుసు:
నేను ఎక్కించమన్నానా? అడిగిన లెక్క చెప్పాను. మాస్టారూ, ఆవిరి మాట నిజమే, ఒప్పుకుంటాను. వాన వెలిసిన రాత్రి మాత్రం ప్రయత్నించొచ్చు.

రాయగడ_లైన్‌మన్:
ఇంకో సంగతి. నోటమ్ (విమానాలకిచ్చే హెచ్చరిక నోటీసు) చూసి "ఇస్రో తేదీ దొరికింది" అని పంచేవాళ్లు ఆగండి. మన ఒడిశా తీరంలో అబ్దుల్ కలాం దీవి, చాందీపూర్ క్షిపణి పరీక్షలకీ అవే నోటీసులొస్తాయి. మ్యాపులో గీత మన తీరం నుంచి మొదలైతే క్షిపణి. శ్రీహరికోట చుట్టూ ఒక వలయం, దూరంగా సముద్రంలో విడిభాగాలు పడే చోట్లని చూపే గళ్లు విడివిడిగా ఉంటే రాకెట్. అందులో వేళ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), మన వేళకి ఐదున్నర గంటలు కలపాలి. తేదీ మారిపోయేది ఇక్కడే. నోటీసుకి చాలాసార్లు కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది కాబట్టి ప్రయోగం ఒకరోజు వెనక్కి జరిగితే కొత్తది రాకపోవచ్చు. పాతది రద్దయి కొత్తది వస్తే మాత్రం పెద్ద వాయిదానే.

కాశీనగర్_కుర్రోడు:
అయినా అన్ని కోట్లు పెట్టి చివరి నిమిషంలో ఆపడమేంటి? ముందే చూసుకోరా?

బరంపురం_బుల్లిరాజు:
ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో. చల్లటి ఇంధనం పోశాకే కొన్ని సీళ్లు బిగుసుకుని కారతాయి, ఖాళీ ట్యాంకులో అది బయటపడదు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా ఎక్కాల్సిన ఫాల్కన్-9 లో ద్రవ ఆక్సిజన్ కారింది. బాగుచేసి మళ్లీ పరీక్షించాలని ఇస్రో పట్టుబట్టింది. 11న వెళ్లాల్సినవాడు 25న వెళ్లాడు, క్షేమంగా తిరిగొచ్చాడు. పైన మనిషున్నాడయ్యా!

పర్లాకిమిడి_చినబాబు:
నా రైలు ప్రశ్న అలాగే ఉండిపోయింది.

సర్వే_గొలుసు:
పలాసలో మెయిల్ ఎక్కి గూడూరులో దిగు. అక్కడి నుంచి చెన్నై వైపు లోకల్ బండి సూళ్లూరుపేటలో ఆగుతుంది. శ్రీహరికోట ఇంకో 18 కి.మీ. గ్యాలరీలో దాదాపు 5000 మంది పడతారు, ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు, ఆధార్ దగ్గరుంచుకో. నమోదు తెరిచాకే వెళ్లే టికెట్ తియ్యి. తిరుగు టికెట్ మాత్రం అప్పుడే తియ్యకు.