15 ఏళ్లు దాటిన చెత్త ట్రాక్టర్లా, మాటిమాటికీ మొరాయించే కంపాక్టరా: ముందు ఏది మార్చాలి?

చెత్తబండి సెక్షన్

అందరికీ నమస్తే. తిరుపతికి అరగంట దూరంలో ఒక మున్సిపాలిటీలో చేస్తున్నాను, ఊరి పేరు వద్దులెండి. శానిటేషన్ బండ్ల ఫైలు పోయిన నెలే నా టేబుల్ మీదికి వచ్చింది. నేను చదివింది సివిల్. బండ్ల గురించి నాకు తెలిసిందల్లా బైక్‌కి పెట్రోలు కొట్టించుకోవడమే.

మా దగ్గర ట్రాక్టర్లు మూడు ఉన్నాయి, రెండు 2007వి, ఒకటి 2009ది. నీళ్ల ట్యాంకర్ 2008ది. కంపాక్టర్, అంటే చెత్తను నొక్కి నింపుకునే లారీ, ఒక్కటే, 2014ది. ఇవి కాక వీధుల్లో తిరిగే డీజిల్ ఆటోలు. తమాషా ఏంటంటే ఆ 2007 ట్రాక్టర్లు ఇప్పటికీ తెల్లవారుజామున అయిదింటికి ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతాయి. కంపాక్టర్ వాటికంటే ఏడేళ్లు చిన్నది, అయినా నెలలో వారం రోజులు షెడ్డులోనే ఉంటుంది. మొన్న గంగ జాతర వారంలో హైడ్రాలిక్ పైపు పగిలి ఎత్తిన డబ్బా ఎత్తినట్టే బజారు మధ్యలో ఆగిపోయింది, ఆ వాసనకి రెండు వీధులవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. డ్రైవర్లేమో "దీనికి పుత్తూరు కట్టు కట్టించండి సార్" అని నవ్వుతారు.

ఈ ఏడాది డబ్బు రెండు బండ్లకు మించి రాదు. పైవాళ్లు వయసు ప్రకారం లిస్టు పెట్టమంటున్నారు. ఒకాయన చెత్త బండి స్పెషల్ బండి కాబట్టి 15 ఏళ్ల రూలు దానికి వర్తించదంటాడు. ఇంకొకాయన అసలు కొనడం దేనికి, అద్దెకు పెట్టుకుంటే పోలా అంటాడు. సోమవారం నోట్ పెట్టాలి, ఇప్పటికైతే టెన్షన్ తప్ప ఇంకేమీ లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కల మేడమ్

ముందు ఆ 'స్పెషల్ బండి' మాట పక్కన పెట్టండి. 2023 జనవరిలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల రూల్స్‌లో 52ఏ అని ఒక రూలు చేర్చింది, అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలు. కేంద్రం, రాష్ట్రం, మున్సిపాలిటీ, పంచాయతీ, ఆర్టీసీ, ప్రభుత్వ సంస్థ, ఎవరి బండైనా సరే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు నిండితే ఆ రిజిస్ట్రేషన్ ఇక ఉండదు. అంతకుముందే రెన్యువల్ చేయించుకున్నాం అన్నా చెల్లదు, 15 నిండగానే రద్దయినట్టే లెక్క. మినహాయింపు ఇచ్చింది దేశ రక్షణకి, శాంతిభద్రతలకి, అంతర్గత భద్రతకి వాడే ప్రత్యేక వాహనాలకి. మీ చెత్త ట్రాక్టర్ అందులోకి ఎలా వస్తుంది బాబూ?

కాబట్టి ట్రాక్టర్లు మూడూ, ట్యాంకరూ మార్చాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. అవి రోడ్డెక్కకూడదు, అంతే. అయిదింటికి స్టార్ట్ అయితే సంతోషం, కానీ అదే బండి రేపు ఎవరికైనా తగిలిందనుకోండి, రిజిస్ట్రేషనే లేని బండికి ఇన్సూరెన్స్ వాడు సులువుగా డబ్బు ఇవ్వడు. ప్రమాద కేసులు చూసే ట్రిబ్యునల్లో నష్టపరిహారం మున్సిపాలిటీ నెత్తిన పడుతుంది, అప్పుడు బండిని బయటికి పంపమని సంతకం పెట్టింది ఎవరని వెతుకుతారు. వెతికితే దొరికేది మీ సెక్షనే.

గ్యారేజీ పెద్దాయన

మేడమ్ చెప్పింది చట్టం, దానికి తిరుగు లేదు. నేను ఘాట్ బస్సుల గ్యారేజీలో చేసి రిటైరయినవాణ్ని, బండి వైపు నుంచి రెండు మాటలు చెబుతా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ కంపాక్టర్ ఎందుకు తొందరగా ముసలిదైందో అర్థం కావాలంటే మీటర్ చూడకండి. కంపాక్టర్ రోజుకి తిరిగేది ముప్పై, నలభై కిలోమీటర్లే కావచ్చు, కానీ డబ్బా ఎత్తిన ప్రతిసారీ, చెత్త నొక్కిన ప్రతిసారీ బండి నిలబడే ఉంటుంది, ఇంజిన్ మాత్రం పంపును తిప్పుతూ ఉంటుంది. కిలోమీటర్లు పెరగవు, గంటలు పెరుగుతాయి. అందుకే ఇలాంటి బండికి సర్వీసు గంటల లెక్కన చేయాలి. కిలోమీటర్ల లెక్కన ఆయిల్ మార్చారంటే బండిని మీరే చంపినట్టు. మీ వాళ్లు అదే చేసి ఉంటారని నా అనుమానం.

రెండోది చెత్త నీరు. హోటళ్ల చెత్త, కూరగాయల చెత్త నొక్కినప్పుడు కారే ఆ నీళ్లు ఇనుమును మామూలు వర్షంలా తినవు, పుల్లగా ఉండి లోపల్నుంచి కొరుకుతాయి. ఒకసారి బాడీ అడుగుకి వెళ్లి ఛాసీ క్రాస్ మెంబర్లను, అంటే బండి ఫ్రేములోని అడ్డ కమ్మీలను, సుత్తితో తట్టి చూడండి. టంగుమంటే ఉంది, మొద్దుగా మోగితే పోయింది. రంగు కొట్టి ఉన్నచోట ఇంకా గట్టిగా తట్టండి, మనవాళ్లకి తుప్పు మీద రంగు కొట్టడం బాగా వచ్చు. ఛాసీ బాగుండి పంపు, పైపులు, సిలిండర్ సీళ్లు మాత్రమే పోతే అవి మార్చుకుని ఇంకో నాలుగేళ్లు నడపొచ్చు. ఛాసీయే పోతే దాని మీద ఒక్క రూపాయి పెట్టొద్దు.

ఇక అసలు మాట. ఏ బండి మార్చాలో వయసు చెప్పదు, రిపేరు బిల్లు కూడా పూర్తిగా చెప్పదు. బండి షెడ్డులో ఉన్న రోజులు చెబుతాయి. కంపాక్టర్ ఆగిన రోజు చెత్త ఆగదు కదా, ఆ రోజు బయట నుంచి ట్రాక్టర్, జేసీబీ అద్దెకు తెచ్చి ఉంటారు, లేదంటే ఉన్న ట్రాక్టర్లతోనే రెండు ట్రిప్పులు ఎక్కువ కొట్టించి ఉంటారు. ఆ అద్దె బిల్లు ఒక ఖర్చు హెడ్‌లో, రిపేరు బిల్లు ఇంకో హెడ్‌లో, ఎక్కువ తాగిన డీజిల్ మరో రిజిస్టర్లో ఉంటాయి. మూడూ కలిపి ఒక్క కాగితం మీద ఎవరూ రాయరు కాబట్టే 'రిపేరు చవక' అనిపిస్తుంది. లాగ్ బుక్కులు దించండి. బండికో పేజీ పెట్టి నెలనెలా తిరిగిన రోజులు, ఆగిన రోజులు, రిపేరు, డీజిల్, ఆగిన రోజున బయట కట్టిన అద్దె రాయండి. మూడేళ్లది చాలు.

స్టీరింగ్ మామ

పెద్దాయన మాటే కరెక్ట్. నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి బండే తోలుతున్నా, ఒక విషయం మాత్రం ఆఫీసువాళ్లకి తెలీదు. బండి ఆగిన రోజు లాగ్ బుక్‌లో 'ఆగింది' అని ఎవరూ రాయరు. మధ్యాహ్నం రెండింటికి రిపేరై ఒక్క ట్రిప్పు వెళ్లినా ఆ రోజు తిరిగినట్టే రాస్తారు. కాబట్టి రోజులు కాదు, ట్రిప్పులు లెక్కపెట్టండి. డంప్ యార్డు గేటు దగ్గర ఎంట్రీ పుస్తకం ఉంటుంది, అది అబద్ధం చెప్పదు.

అద్దె బండ్ల సంగతి కూడా చెప్తా. బిల్లు రెండు నెలలు పెండింగ్ పడితే కాంట్రాక్టర్ బండి మూడో నెల రాదు. తమిళుల పెరటాసి నెల శనివారాలు వచ్చాయంటే ఊళ్లో జనం, చెత్త రెండూ పొంగుతాయి, సరిగ్గా అప్పుడే వాడు బండిని తన సొంత కిరాయికి పంపుకుంటాడు. పోయినేడు మా దగ్గర ఇదే జరిగింది. మనది అనే బండి ఒకటైనా ఉండాలి.

లెక్కల మేడమ్

అద్దె అంటే అన్నీ ఒకటి కాదు మామా. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి తిరిగే ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీ కొన్నవి కావు. బండి కంపెనీది, నడిపేది, బాగుచేసేది వాళ్లే, ఆర్టీసీ కిలోమీటరుకి ఇంత అని కడుతుంది. బండి తిరగకపోతే డబ్బు రాదు కాబట్టి దాన్ని తిప్పే బాధ్యత వాళ్లదే. నోటిమాట అద్దెకీ, ఇలా రాసుకున్న ఒప్పందానికీ చాలా తేడా ఉంది. ఆగిన ప్రతి పూటకి కోత, గంటలో బదులు బండి పంపాలి, అని షరతుల్లో ఉంటే అద్దె తప్పేం కాదు. ఒప్పుకుంటా, చిన్న మున్సిపాలిటీకి అలాంటి ఒప్పందం రాసి, దాన్ని రోజూ పట్టించుకునే మనిషి దొరకడమే కష్టం.

చెత్తబండి సెక్షన్

అందరికీ థ్యాంక్స్. యార్డు గేటు పుస్తకం అడిగా, ఇస్తామన్నారు. ఇంకో డౌటు. కొనాల్సి వస్తే చిన్న బండ్లు ఎలక్ట్రిక్ తీసుకోమని ఒకరు, వద్దు డీజిలే మంచిదని ఇంకొకరు. పాత ట్రాక్టర్లు ఎవరికి అమ్మాలి? మా పక్క గ్యారేజీ అతను ఇప్పుడే వచ్చి ధర అడిగిపోయాడు.

గ్యారేజీ పెద్దాయన

కొత్త డీజిల్ బండి కొనేముందు ఒకటి తెలుసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే లారీలు, ఆటోలు అన్నీ బీఎస్-6, అంటే పొగ మీద కొత్త నిబంధనల ప్రకారం చేసినవి. చాలావాటికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, అది పొగలోని మసిని పట్టుకుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి, అంటే బండి కాసేపు ఆగకుండా ఒక స్పీడులో పోవాలి. చెత్త బండి ఎప్పుడు అలా పోతుంది? ఇంటికో బ్రేకు, వీధికో బ్రేకు. మసి నిండుతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, డ్రైవర్ దాని మీద స్టిక్కర్ అంటిస్తాడు, చివరికి బండి పికప్ పోయి కదలదు. వారానికి రెండుసార్లయినా రేణిగుంట రోడ్డు లాంటి చోట అరగంట తోలించండి, లేదా బండి ఆపి ఉంచినప్పుడే మసి కాల్చే బటన్ ఉన్న మోడల్ అడగండి. 50 హార్స్ పవర్ లోపు ట్రాక్టర్లు చాలావాటికి ఈ బాధ లేదు, అందుకే మళ్లీ ట్రాక్టరే కొన్నా నేను తప్పు పట్టను.

వీధుల్లో తిరిగే చిన్న ఆటోలకైతే ఎలక్ట్రిక్కే సరైనది. రోజుకి తిరిగేది తక్కువ, రాత్రంతా యార్డులోనే ఉంటాయి, ఆగి ఆగి పోయే పనికి డీజిల్ ఇంజిన్ కంటే మోటారే నయం. కానీ బండ్లకి ఆర్డర్ పెట్టే ముందే యార్డుకి త్రీఫేజ్ కనెక్షన్, సరిపడా లోడ్ అప్లై చేయండి. బండ్లు వచ్చాక అప్లై చేస్తే అవి షామియానా కింద దుమ్ము తింటాయి, చూశాను నేను.

ఇంకోటి, అన్నీ ఒకే ఏడాది కొనకండి. ఒకేసారి కొన్నవి ఒకేసారి ముసలివవుతాయి, పదిహేనేళ్ల తర్వాత మీ కుర్చీలో కూర్చునేవాడికి మళ్లీ ఇదే గతి.

లెక్కల మేడమ్

ఆ గ్యారేజీ అతనికి పొరపాటున కూడా ఇవ్వకండి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండి వెళ్లాల్సింది రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికే, దానికి 2021లోనే వేరే రూల్స్ వచ్చాయి. ముందు మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ చేత చూపించి రిపోర్టు తీసుకోండి, బండి ఇక పనికిరాదని కండెమ్ చేస్తూ మీ దగ్గర ఉత్తర్వు తీయండి, తర్వాత ఎంఎస్‌టీసీ లేదా జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో వేలం పెట్టండి. తుక్కుగా ఇచ్చాక మీకు డిపాజిట్ సర్టిఫికెట్ వస్తుంది, జాగ్రత్తగా ఫైల్లో పెట్టండి. కొత్త బండి రోడ్డు ట్యాక్సులో రాయితీకి అదే పనికొస్తుంది. 2021లో కేంద్రం చెప్పిన గరిష్ఠం సొంత వాడకం బండ్లకి 25 శాతం, రవాణా బండ్లకి 15 శాతం.

డబ్బు ఎంతొస్తుందని అడక్కండి, చచ్చినోడి పెళ్లికి వచ్చినంతే కట్నం. కాకపోతే ఉన్నది ఉన్నట్టు చేరాలి. కండెమ్ చేసిన రోజే ఫోటోలు తీయించి బ్యాటరీ, టైర్లు, జాకీ, స్టెప్నీతో సహా లిస్టు రాసి స్టోర్ కీపర్ సంతకం తీసుకోండి. వేలం నాటికి మూడు టైర్ల మీద నిలబడిన ట్రాక్టర్ ఫైలు నేను చూశాను. ట్రైలర్లకి రిజిస్ట్రేషన్ వేరుగా ఉంటుంది, వాటిని మర్చిపోతే వచ్చే ఏడాది ఆడిట్‌లో రెడ్డొచ్చె మొదలాడె.

చెత్తబండి సెక్షన్

రెండు వారాలు పట్టింది, ఇప్పుడు రాస్తున్నా. గేటు పుస్తకం, లాగ్ బుక్కులు పక్కపక్కన పెట్టి చూస్తే మామ చెప్పిందే నిజం. లాగ్ బుక్ ప్రకారం కంపాక్టర్ పోయినేడు ఆగింది 41 రోజులే, గేటు ఎంట్రీ లేని రోజులు మాత్రం 96. ఆ రోజుల్లో బయట కట్టిన అద్దె, మేం దాని మీద పెట్టిన రిపేరు కంటే ఎక్కువ తేలింది. మా సార్ కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే, "ఇది ఎవరికైనా చూపించావా?"

ఛాసీ సుత్తితో తట్టించాం. వెనక రెండు క్రాస్ మెంబర్లు మొద్దుగా మోగాయి.

నోట్ ఇలా పెట్టాను: ట్రాక్టర్లు మూడూ, ట్యాంకరూ ఈ నెలే రోడ్డు మీద నుంచి దించాలి, కండెమ్నేషన్‌కి పంపాలి. ఈ ఏడాది డబ్బుతో రెండు ట్రాక్టర్లు. ట్యాంకర్ బదులు వేసవి వరకు అద్దెకి, మేడమ్ చెప్పిన షరతులతో. కంపాక్టర్‌కి పెద్ద రిపేర్లు ఆపేసి వచ్చే ఏడాది బడ్జెట్‌లో మొదటి పేరు దాందే. ఆటోలు మూడేళ్లలో విడతలుగా ఎలక్ట్రిక్, దానికి ముందు కరెంటు కనెక్షన్. సంతకం అయింది, కౌన్సిల్లో పడాలి.

పెద్దాయనా, ఒక్కటి మిగిలింది. కంపాక్టర్‌కి గంటల మీటర్ అసలు లేదు. బయట బిగించుకోవచ్చా?

గ్యారేజీ పెద్దాయన

బిగించుకోవచ్చు, ఆటో ఎలక్ట్రీషియన్‌కి అరగంట పని. ఇగ్నిషన్‌కి కలపకుండా పంపు పనిచేసేటప్పుడే తిరిగేలా పీటీవో స్విచ్‌కి, అంటే ఇంజిన్ నుంచి పంపుకి పవర్ ఇచ్చే స్విచ్‌కి, కలపమనండి. బిగించిన రోజు తేదీ పెయింట్‌తో డోరు లోపల రాయించండి. రేపు కొత్త కంపాక్టర్ కొనేటప్పుడు టెండర్లోనే గంటల మీటర్ అడగండి, లేకపోతే ఇవ్వరు.

స్టీరింగ్ మామ

డోరు లోపల వద్దు పెద్దాయనా, అక్కడ మేం సున్నం డబ్బా పెడతాం, రాసిందంతా పోతుంది. డాష్ మీద రాయించండి.