రోజూ ఆఫీసుకు సైకిల్: వెనక ట్యూబే మాటిమాటికీ ఎందుకు పోతోంది?

ఎదురుగాలి (ప్రశ్న)

రానూపోనూ 18 కిలోమీటర్లు, వారానికి అయిదు రోజులు. టైర్లు 700×35. ముందు 42 పళ్ళ చక్రం ఒక్కటే, వెనక 14 నుంచి 28 పళ్ళ దాకా 7 గేర్లు. రిమ్ము బ్రేకులు. నా బరువు 78 కిలోలు, వీపున సంచి 6 కిలోలు.

మూడు నెలల్లో వెనక ట్యూబు నాలుగుసార్లు పోయింది, ముందుది ఒక్కసారి కూడా పోలేదు. టైరులో ముల్లు, మేకు లాంటిదేమీ కనబడలేదు. వాన పడ్డ మర్నాడు చైను కీచుమంటుంది. నూనె వేస్తే రెండు రోజులు ఊరుకుని మళ్ళీ మొదలు. చిన్న మెట్ట ఎక్కినా మోకాలిచిప్ప ముందు భాగం నొప్పి. తడి రోడ్డు మీద బ్రేకు ఆలస్యంగా పడుతోంది. వీటిలో దేనికి సామాను మార్చాలి, ఏది సర్దుకుంటే సరిపోతుంది?

గాలిపంపు

పోయిన ట్యూబులు పారేయలేదు కదా? అవే మీకు ఆధారం. టైరు బయటే గాలి కొట్టి, బాగా ఉబ్బించి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పండి. శబ్దం దొరక్కపోతే నీళ్ళలో ముంచండి. చిల్లు నేల వైపుందా రిమ్ము వైపుందా, వాల్వు నుంచి ఎంత దూరంలో ఉంది, ఈ రెండూ తెలిస్తే కారణం దాదాపు తెలిసినట్టే.

నేల వైపు ఒక్కటే చిల్లు ఉంటే బయటి నుంచి ఏదో గుచ్చుకుంది. టైరులో ఏమీ కనబడలేదన్నారు గానీ దీనికి కంటిచూపు చాలదు. లారీ టైర్లు పగిలినప్పుడు రాలే ఉక్కు తీగ ముక్కలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. రబ్బరులో పూర్తిగా కూరుకుపోయి, బరువు పడ్డప్పుడు మాత్రమే లోపలికి కొన చాస్తాయి. దూది ఉండ తీసుకుని టైరు లోపలంతా తుడుచుకుంటూ వెళ్ళండి. తీగ ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. అక్కడ టైరును వెనక్కి వంచితే కొన పైకి లేస్తుంది, పట్టకారుతో లాగేయొచ్చు. వేలితో మాత్రం తడమకండి, తెగుతుంది.

పక్కపక్కనే రెండు గాట్లు, పాము కాటులా ఉంటే గాలి తక్కువైందన్నమాట. గుంటలో పడ్డప్పుడు రిమ్ము అంచులకీ నేలకీ మధ్య ట్యూబు నలిగిపోతుంది. మామూలుగా కూర్చుని తొక్కితే బరువులో సుమారు 60 శాతం వెనక చక్రం మీదే పడుతుంది, అందుకే ఈ బాధ వెనకకే ఎక్కువ. మీరు, సంచి, సైకిల్ కలిపి 100 కిలోల దాకా ఉంటారు కాబట్టి గాలి ఒత్తిడి వెనక 60, ముందు 50 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. టైరు పక్కన అచ్చువేసిన కనిష్ఠ, గరిష్ఠ అంకెల మధ్యే ఉండాలి. బొటనవేలితో నొక్కి చూడటాన్ని నమ్మకండి. 40 ఉన్నా 60 ఉన్నా వేలికి ఒకేలా గట్టిగా తగులుతుంది. మీటరున్న పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. చిల్లు లేని ట్యూబు కూడా రబ్బరు గుండా కొద్దికొద్దిగా గాలి వదులుతూనే ఉంటుంది, కాబట్టి వారానికోసారి కొట్టాల్సిందే.

వాల్వు మొదట్లో చిరిగితే అదీ గాలి తక్కువ వల్ల కావచ్చు. టైరు రిమ్ము మీద జరిగి ట్యూబును వెంట లాగుతుంది, వాల్వేమో రంధ్రంలో కదలకుండా ఉంటుంది. వాల్వు వంకరగా నిలబడిందంటే అదే గుర్తు. అక్కడ ప్యాచీ నిలవదు, ట్యూబు మార్చాలి.

ఇక రిమ్ము వైపు చిల్లు. ముల్లు దొరకకుండానే నాలుగుసార్లు పోయిందంటే నా అనుమానం దీని మీదే. పుల్లల (స్పోకుల) రంధ్రాల మీద ఉండాల్సిన రిమ్ టేపు, అంటే రిమ్ము లోపలి పట్టీ, పక్కకి జరిగితే ట్యూబు ఆ రంధ్రంలోకి ఉబ్బి, అంచుకి కోసుకుపోతుంది. పాత ట్యూబులు రెంటిని వాల్వు దగ్గర కలిపి పక్కపక్కన పరిచి చూడండి. రెండు చిల్లులూ ఒకే దూరంలో ఉంటే కారణం చక్రంలోనే కూర్చుని ఉంది, రోడ్డు మీద కాదు. చూసి చెప్పండి.

ప్యాచీ ఊడిపోవడానికి ఎక్కువగా తొందరే కారణం. గరుకు కాగితంతో ప్యాచీ కంటే వెడల్పుగా, రబ్బరు నిగనిగ పోయేదాకా గీకాలి. ట్యూబు పొడవునా సన్నటి అచ్చు గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, అది చిల్లు దగ్గర ఉంటే పూర్తిగా సమం చేయాలి, లేకపోతే ఆ గట్టు పక్కనుంచే గాలి పోతుంది. సొల్యూషన్ పల్చగా రాసి, తడి మెరుపు పోయి మసకగా కనిపించేదాకా అయిదు నిమిషాలు ఆగండి. తడిమీద అంటిస్తే పట్టదు. ఆ తర్వాత ప్యాచీ పెట్టి నడిమి నుంచి అంచులకి గట్టిగా రుద్దండి.

నూనెచుక్క

చైను పైపైన నూనె మెరుస్తుంటే సరిపోదండీ. అరుపు వచ్చేది రోలరు లోపల, పిన్ను దగ్గర. వాన నీళ్ళు అక్కడి నూనెని కడిగేస్తాయి. మనం పైనుంచి ధారగా పోసింది బయటే ఉండిపోయి ఇసుకని పట్టుకుంటుంది. రెండు రోజులకే మళ్ళీ అరుస్తోందంటే లోపలికి చేరలేదన్నమాట.

రాత్రి ఇంటికొచ్చాక చేయండి, పొద్దున హడావుడిలో వద్దు. ముందు పొడిగుడ్డతో చైనుని పట్టుకుని పెడలు వెనక్కి తిప్పుతూ నలుపు తగ్గేదాకా తుడవండి. తర్వాత కింది వరస మీద, ఒక్కో రోలరుకి ఒక్కో చుక్క. ఎక్కడ మొదలుపెట్టారో ఆ లంకెకి సుద్దతో గుర్తు పెట్టుకుంటే రెండోసారి వేయరు. అయ్యాక పెడలు ముప్ఫైసార్లు వెనక్కి తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున బయటి తడి అంతా తుడిచేయండి. ఈ చివరి తుడుపు మానేసినవాళ్ళ చైనే నల్లటి ముద్దలా తయారవుతుంది. వానాకాలానికి చిక్కటి, తడికి నిలిచే చైను నూనె, దుమ్ము రోజులకి మైనం కలిసిన పలచటిది. గ్రీజు వద్దు, లోపలికి దిగదు. తుప్పు వదిలించే స్ప్రేని నూనె అనుకోవద్దు, అది ఉన్న నూనెని కూడా కడిగేస్తుంది. కిరోసిన్‌తో కడిగితే పూర్తిగా ఆరాకే నూనె వేయాలి, ఫ్రీవీలు (వెనక పళ్ళచక్రాల గుత్తి) లోపలికి మాత్రం పోనివ్వకండి, బేరింగుల గ్రీజు పోతుంది.

నూనె వేసే ముందు చైను అరిగిందేమో కొలవండి. ఉక్కు స్కేలు చాలు. పిన్ను నుంచి పిన్నుకి అర అంగుళం, అంటే 24 పిన్నులు దాటితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. చైను బిగువుగా ఉండగా ఒక పిన్ను నడిమధ్య సున్నా పెట్టి చూడండి. 12 అంగుళాల మీద 1.5 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తే చైను మార్చే వేళ. 3 మిల్లీమీటర్లు దాటితే ఫ్రీవీలు పళ్ళు కూడా ఆ సాగిన చైనుకి తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి, కొత్త చైను వాటి మీద జారుతుంది. సమయానికి చైను మారిస్తే ఫ్రీవీలు మిగులుతుంది.

ఒక్క మాట. శబ్దం చైనుదేనా అని కూడా తేల్చుకోండి. తొక్కడం ఆపి సైకిల్‌ని దొర్లనిచ్చినా కీచుమంటే అది చైను కాదు, బ్రేకు రబ్బరు రిమ్ముకి రాసుకోవడమో చక్రం ఇరుసో. బలంగా నొక్కినప్పుడే, పెడలు చుట్టుకి ఒక్కసారే టక్కుమంటే పెడలు మర, క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) బోల్టు చూడాలి. పెడళ్ళు విప్పి మరకి కొంచెం గ్రీజు రాసి బిగించండి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందని మర్చిపోవద్దు, బలవంతం చేస్తే క్రాంకు మర పోతుంది.

మెట్టదారి

మోకాలి ముందు భాగంలో నొప్పంటే మొదట చూడాల్సినవి రెండు: సీటు తగ్గి ఉండటం, బరువైన గేరులో మెట్ట ఎక్కడం.

గోడ పట్టుకుని సైకిలెక్కి, మడమని పెడలు మీద పెట్టి అట్టడుగుకి దించండి. కాలు పూర్తిగా చాపుకోవాలి, నడుము పక్కకి ఒరగకూడదు. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే కావాలి. పెంచేటప్పుడు ఒకేసారి 5 మిల్లీమీటర్లకి మించి పెంచకండి, మూడు నాలుగు రోజులు తొక్కి చూడండి. మోకాలి వెనక లాగితే ఎక్కువైనట్టు. సీటు గొట్టం మీద చెక్కిన గీత మాత్రం ఫ్రేములోపలే ఉండాలి. గొట్టానికి ఒక చుట్టు టేపు వేసి ఉంచితే బోల్టు వదులై సీటు రోజురోజుకీ దిగుతోందా అన్నది తెలిసిపోతుంది.

గేరు లెక్క మీ సైకిల్‌కే చూద్దాం. ఆ టైరు చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు. 42కి వెనక 14 పెడితే పెడలు ఒక్క చుట్టుకి ఆరున్నర మీటర్లు. మెట్ట మీద గంటకి 12 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే నిమిషానికి 31 చుట్లే పడతాయి, ప్రతి చుట్టూ మోకాలి మీద గునపం పోటే. అదే వేగం 28 పళ్ళ మీదైతే 61 చుట్లు, నొక్కే బలం సగం. చదునులో 75 చుట్ల దగ్గర ఉండేలా చూసుకోండి. 21 పళ్ళ మీద అది గంటకి 19.5 కిలోమీటర్లు, ఆఫీసు దారికి చాలు. మెట్ట మొదలవక ముందే గేరు తగ్గించాలి, మధ్యలో బలంగా నొక్కుతూ మారిస్తే చైను దెబ్బతింటుంది. సీటు, గేరు సర్దిన రెండు మూడు వారాలకీ నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

వీపు సంచి తీసి క్యారియరు పక్కన తగిలించే సంచిలోకి మార్చండి. వీపు తడవదు, భుజాలు తేలికవుతాయి. సంచిని వెనక్కి జరిపి కట్టాలి, లేదంటే మడమ తగులుతుంది. పట్టీ కొసలు పుల్లల్లో పడకుండా దోపేయండి. అయితే ఆ 6 కిలోలూ ఇప్పుడు పూర్తిగా వెనక చక్రం మీదే, కాబట్టి గాలి మరో 5 పీఎస్‌ఐ.

తడిరోడ్డు

బ్రేకు గురించి. తడి రిమ్ము మీద రబ్బరు ముందు నీళ్ళని తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. అందుకే ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకుని తేలిగ్గా ఆనించి ఒకటి రెండు చుట్లు తిరగనివ్వండి, ఆ తర్వాత నొక్కండి. ఉక్కు రిమ్ములైతే తడిలో పట్టు మరీ తక్కువ, అల్యూమినియం నయం.

రబ్బర్లు విప్పి ముఖం చూడండి. మెరిసే చుక్కలు కనిపిస్తే అవి రిమ్ము నుంచి ఊడిన లోహపు ముక్కలు. సూదితో పెకలించి, ముఖాన్ని గరుకు కాగితం మీద నాలుగు సార్లు రుద్దండి. గాడులు అరిగి సమమైతే కొత్తవి వేయాలి. లివరు పూర్తిగా నొక్కినా హ్యాండిలుకి తగలకూడదు, తగులుతుంటే కేబులు బిగించాలి.

వానలో రోడ్డు మీద తెల్ల గీతలు, ఇనప మూతలు సబ్బులా జారతాయి. వాటి మీద తిరగకండి, బ్రేకు వేయకండి, నిటారుగా దాటేయండి. నీళ్ళు నిలిచిన చోట అడుగున ఏముందో తెలియదు కాబట్టి తప్పుకోండి. ఆగి ఉన్న కార్లకి ఒక మీటరు ఎడం, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం.

ఎదురుగాలి

పాత ట్యూబులు రెండు దొరికాయి. రెంటికీ చిల్లు రిమ్ము వైపే, వాల్వు నుంచి 41 సెంటీమీటర్ల దగ్గరే. గుచ్చుకున్నట్టు లేదు, గోరుతో గిల్లినట్టు అర్ధచంద్రపు కోత. టైరు తీసి చూస్తే లోపల సన్నటి రబ్బరు పట్టీ ఒక చోట మెలికపడి, పుల్ల రంధ్రం సగం బయటికి కనిపిస్తోంది. గాలి 38 ఉంది. చైను 12 అంగుళాల మీద దాదాపు 1 మిల్లీమీటరు ఎక్కువ. టేపు ఎంత వెడల్పుది తీసుకోవాలి?

గాలిపంపు

దొరికింది కదా. చైనుకి ఇంకొంత ఆయుష్షుంది, నెలకోసారి కొలుస్తూ ఉండండి.

రిమ్ము లోపలి వెడల్పు స్కేలుతో కొలవండి. రంధ్రాలన్నీ పూర్తిగా కప్పాలి, కానీ టైరు అంచు కూర్చునే గట్టు మీదికి ఎక్కకూడదు. లోపల 18 మిల్లీమీటర్లుంటే 16 సరిపోతుంది. రబ్బరు పట్టీ వద్దు, అంటుకునే గుడ్డ టేపు తీసుకోండి, ఒత్తిడికి సాగదు. పాతది తీసి రిమ్ముని పొడిగా తుడిచి, రంధ్రాల అంచుల్లో గరుకు ఉంటే ఆకురాయితో నునుపు చేయండి. వాల్వు రంధ్రం పక్కనుంచి మొదలుపెట్టి లాగి పట్టుకుంటూ చుట్టి, కొసలు అయిదు సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి రావాలి. వాల్వు దగ్గర చిల్లు శుభ్రంగా కోయండి.

బిగించేటప్పుడు ట్యూబులో దాని గుండ్రం నిలిచేంత గాలి కొట్టి లోపల పెట్టండి. టైరు అంచు చేతులతోనే ఎక్కించండి, చివరికి వాల్వు దగ్గర ముగించండి. ఎదురు వైపు అంచుని రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కితే ఇక్కడ వదులు వస్తుంది. ఆఖర్న టైరు లివరు (అంచుని ఎత్తే బద్ద) వాడితే ట్యూబుని మీరే కోసుకుంటారు. వాల్వుని ఒకసారి లోపలికి తోసి వదిలి, చుట్టూ రెండు వైపులా టైరు అంచు కింద ట్యూబు ఇరుక్కోలేదని చూసుకున్నాకే పూర్తి గాలి. టైరు పేరు అచ్చువేసిన చోటుని సరిగ్గా వాల్వు దగ్గరే ఉండేలా పెట్టుకోండి, మళ్ళీ పంక్చరైతే ట్యూబులో చిల్లుని బట్టి టైరులో చోటు పట్టేయొచ్చు.

కొత్త ట్యూబు కొనేటప్పుడు టైరు మీద 37-622 లాంటి అంకె (మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రిమ్ము వ్యాసం) చూడండి, అంగుళాలు చూసి తీసుకోకండి. 26 అంగుళాలు అన్న పేరుతోనే 559, 590 అని వేర్వేరు రిమ్ములున్నాయి, ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. ఒక మంచి ట్యూబు, రెండు లివర్లు, ప్యాచీలు, వెనక చక్రం నట్టుకి సరిపడే పాన సీటు కింద సంచిలో ఉంచండి. చక్రం తీసే ముందు చైనుని వెనక అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదికి దించుకుంటే తీయడం, పెట్టడం రెండూ సులువు.