22–17 ఆధిక్యం నుంచి ఫైనల్ ఓడిపోయాను, దసరా క్యారమ్ టోర్నీకి ఎలా తయారవ్వాలి?

ఓరుగల్లు స్ట్రైకర్
అన్నలందరికీ నమస్తే. రెండు రాత్రులుగా నిద్ర లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. మా బస్తీలో గణేశ్ నవరాత్రులకు పెట్టిన సింగిల్స్‌లో ఫైనల్ దాకా వచ్చాను. చెరో గేమ్ గెలిచాం. మూడో గేమ్‌లో ఏడు బోర్డులు (ఒకరి కాయిన్లన్నీ పడేదాకా ఆడితే ఒక బోర్డు) అయ్యేసరికి నాకు 22, అవతలాయనకు 17. మిగిలింది ఒక్క బోర్డు. 22 వచ్చాక రెడ్ వేసినా నాకు పాయింట్లు రావు కదా అని దాని జోలికి పోలేదు, నా నల్లవాటి మీదే పడ్డాను. ఆయన రెడ్ వేశాడు, వెంటనే తన కాయిన్ వేసి దాన్ని కవర్ చేశాడు, బోర్డు ముగించేశాడు. నావి మూడు మిగిలాయి. కాయిన్‌కొక పాయింట్ లెక్కన ఆ మూడూ, రెడ్‌వి మూడూ ఆయనకే. 23–22. ఎనిమిది బోర్డులు అయిపోయాయి కాబట్టి గేమ్ అక్కడే ముగిసింది. 25 వేల బహుమతి కళ్లముందే పోయింది.
దసరాకు హనుమకొండలో ఇంకోటి ఉంది, మొదటి బహుమతి 40 వేలు. లీడ్‌లో ఉన్నప్పుడు ఎలా ఆడాలి? ఈ వానలకు బోర్డు మీద పౌడర్ ముద్ద కడుతోంది, ఏం చేయాలి? చివరి బోర్డులో చేయి వణకడం ఎలా ఆపాలి? నా స్ట్రైకర్ బరువుగా ఉందంటున్నారు, మార్చాలా? ఇంకో మాట, ఆయన చివరి మూడు బోర్డుల్లోనూ నేను వేయాల్సిన పాకెట్ ముందు తన కాయిన్ తెచ్చిపెట్టి అడ్డుకున్నాడు. దానికేం చేయాలో తోచలేదు.

రెడ్ కవర్
తమ్ముడూ, నీ తప్పు అంతా ఆ ఒక్క లెక్కలోనే ఉంది. 22కు చేరాక రెడ్ నీకు సున్నా, నిజమే. 21 వరకు ఉన్నవాడికి మాత్రం అది మూడు పాయింట్లే. అంటే ఆ బోర్డులో రెడ్ నీకు పాయింట్ల కోసం కాదు, ఆయనకు దక్కకుండా చేయడానికి. నువ్వే రెడ్ వేసి కవర్ చేసుకుని ఉంటే, ఆ తర్వాత అదే బోర్డు ఆయన గెలిచినా నీ మూడు కాయిన్లకు మూడే వచ్చేవి. 22–20తో కప్పు నీది. రెడ్ వేసినవాడు బోర్డు ఓడిపోతే ఆ మూడు ఎవరికీ రావు. ఈ సంగతి తెలియకుండా ఫైనల్స్ ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు.
నేనూ ఇలాగే నేర్చుకున్నా. ఆరేళ్ల కింద జనగామలో, సెమీస్‌లో. ఆ రోజు నుంచి ప్రతి బోర్డుకు ముందు ఒకటే లెక్క వేసుకుంటా: అవతలివాడు గెలవాలంటే ఎంత కావాలి, రెడ్ లేకుండా అంత వస్తుందా?

జమ్మికుంట పత్తి
పౌడర్ గురించి ఎవరూ చెప్పట్లేదు. మా దగ్గర ఆగస్టు, సెప్టెంబరులో బోర్డు మీద స్ట్రైకర్ కదలనే కదలదు. ప్లైవుడ్ తేమ పీలుస్తుంది, పౌడర్ కూడా పీలుస్తుంది. మొన్న ఒక టోర్నీలో నిర్వాహకులు బోరిక్ పౌడర్ అయిపోయిందని ముఖానికి రాసుకునే పౌడర్ చల్లారు. రెండు షాట్లకే జిగట. కాయిన్ అంచున తాకించి కట్ కొడితే అది సగం దారిలో ఆగిపోయింది. ఆ మ్యాచ్ ఓడిపోయానంటే కారణం అదే, ఇప్పటికీ అంటా.
చేయాల్సింది ఇది. రాత్రి బోర్డుకు బట్ట కప్పి లోపలి గదిలో పెట్టు. ఎండలో మాత్రం ఆరబెట్టకు, వంకర పోతుంది. మ్యాచ్‌కు గంట ముందు పైన బల్బు వెలిగించి ఉంచితే తేమ లాగేస్తుంది. పౌడర్ చిటికెడు చాలు, మెత్తని గుడ్డతో పలుచగా పరిచి, మిగిలింది తుడిచేయాలి. గుప్పెడు చల్లితే నున్నగా జారుతుందని అనుకుంటారు గానీ, కాయిన్ల అంచుకు పట్టి అవి సరిగా తిరగవు. అయ్యాక చేతులు కడుక్కో. బోరిక్ కడుపులోకి పోకూడదు.

భూపాలపల్లి బిడ్డ
పౌడర్, లెక్క అన్నీ సరే. ఆ పాకెట్ ముందు కాయిన్ పెట్టి కూర్చోవడం ఏం ఆట? మా గనుల దగ్గర షిఫ్ట్ దిగి వచ్చి రాత్రి రెండింటి దాకా ఆడేవాళ్లం. ఒక్కడు కూడా అట్ల ఆడడు. ఆడితే మళ్లీ పిలవరు. కాయిన్ కనబడితే వేయాలి. అడ్డం పెట్టి గెలిచింది గెలుపే కాదు.

కాజీపేట జంక్షన్
తమ్మీ, 34 ఏళ్లు రైల్వే క్వార్టర్స్‌లో ఆడిన చేయి ఇది. జిల్లా స్థాయిలో ఏడుసార్లు ఫైనల్ ఆడాను, అయిదు గెలిచాను. కాబట్టి చెబుతున్నా విను. అడ్డం పెట్టడం సగం ఆట. నీ కాయిన్ పాకెట్ అంచున ఉంటే అది ఎప్పుడైనా పడేదే. తొందరపడి వేసేస్తే నీకొక కాయిన్ తగ్గుతుంది, వాడికొక దారి తెరుచుకుంటుంది. వాడు దాన్ని దాటి తన కాయిన్ వేయలేడు. కోపమొచ్చి నీ కాయిన్‌ను లోపలికి కొట్టాడా, నీ పని వాడే చేసి ఆట నీ చేతికిస్తాడు. దీనికంటే లాభం ఏముంది?

భూపాలపల్లి బిడ్డ
అయిదు గెలిచారు సరే. చూసేవాళ్లు నిద్రపోయి ఉంటారు.

కాజీపేట జంక్షన్
చూసేవాళ్ల కోసం ఆడేది సర్కస్. నేను ఆడింది క్యారమ్.

భూపాలపల్లి బిడ్డ
సర్కస్ అనే మాట వెనక్కి తీసుకోండి సార్. పదిగంటలు భూమి లోపల ఉండి వచ్చినవాడికి బోర్డు మీద రెండు గంటలు సంతోషం. దాన్ని సర్కస్ అంటారా? మీరు పెద్దవారని ఊరుకుంటున్నా.

డల్లాస్ హనుమకొండ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది హనుమకొండే, ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లు. ఇక్కడ కర్రతో బంతులు కొట్టే పూల్ ఆటలో వన్ పాకెట్ అని ఒకటుంది. టేబుల్‌కు ఆరు పాకెట్లున్నా, ఒక చివరనున్న రెండు మూలల్లో నీకొకటి, అవతలివాడికొకటి. 15 బంతుల్లో ఎవరు ముందు తన పాకెట్‌లో 8 వేసుకుంటే వాడిదే గేమ్. ఫౌల్ చేస్తే వేసుకున్న దాంట్లోంచి ఒక బంతి తిరిగి టేబుల్ మీదికి వస్తుంది. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ ఈ ఆటలో మహా దిట్ట. ఆయన ఆట చూస్తే తెలుస్తుంది, బంతి వేయడం కంటే, కర్రతో కొట్టే తెల్ల బంతిని ఎక్కడ వదిలిపెట్టాలన్నదే అసలు పని. మొదటి దెబ్బకే బంతులను తనవైపుకు జరిపి, తెల్ల బంతిని అవతలివాడికి ఏమీ దొరకని చోట ఆపుతారు. పెద్ద డబ్బు మ్యాచ్‌లు గంటలకొద్దీ సాగుతాయి. జనం కదలకుండా కూర్చుని చూస్తారు.
క్యారమ్‌కు ఇది బాగా పనికొస్తుంది. మనకు సులువైనవి ఎదుటి రెండు పాకెట్లు. మన చేతి పక్కనున్న రెండూ అవతలివాడికి సులువు. అంటే మనకు కూడా సగం బోర్డు సొంతం, సగం పరాయి. మన కాయిన్లను ఎదుటివైపుకు తోసుకుంటూ పోవాలి, వాడి కాయిన్లను కూడా ఎదుటివైపే, వాడి ఒడిలోకి పంపాలి, అక్కడి నుంచి వాడికి తనవైపుకే వెనక్కి కొట్టే బ్యాక్ షాటే దిక్కు. నేను ఇది తెలుసుకున్నాక మా ఆఫీసు బోర్డు మీద ఓడిపోవడం తగ్గింది.

భూపాలపల్లి బిడ్డ
ఆఫీసు బోర్డు వేరు, 40 వేల ఫైనల్ వేరు అన్నా. కానీ ఆ సగం బోర్డు మాట బాగుంది. అది అడ్డం పెట్టడం కాదు, జరుపుకోవడం. దానికి నేను ఒప్పుకుంటా.

కాజీపేట జంక్షన్
రెండూ ఒకటే తమ్మీ. పేరు మారిస్తే నీకు నచ్చింది.

హనుమకొండ అక్క
ఎవరూ చేయి వణకడం గురించి చెప్పలేదు, ఆ అబ్బాయి అడిగింది అదే కదా. నేను యూనివర్సిటీ జట్టుకు ఆడాను. అప్పట్లో అమ్మాయిలకు ప్రాక్టీస్‌కు బోర్డు ఇచ్చేవారు కాదు. అబ్బాయిలందరూ ఆడి లేచాక, లైట్లు ఆపే ముందు అరగంట. ఆ అరగంటలో ఆడటమే నాకు పనికొచ్చింది. వెనక ఎవరో ‘ఇంకెంతసేపు’ అంటూ నిలబడి ఉండేవారు. మ్యాచ్‌లో టెన్షన్ వచ్చినా అలవాటైపోయింది.
షాట్‌కు 15 సెకన్లు ఉంటాయి. భయపడినవాడు మూడు సెకన్లలో కొట్టేస్తాడు. స్ట్రైకర్ బేస్ లైన్ మీద పెట్టి, రెండు గీతలనూ తాకుతోందో లేదో చూసుకుని, ఒక్కసారి ఊపిరి వదిలి అప్పుడు కొట్టు. ప్రాక్టీస్‌లో కూడా ఇదే వరుస. ఇంట్లో ఆడేటప్పుడు 22–17 స్కోరు కాగితం మీద రాసుకుని ఆ ఒక్క బోర్డే ఆడు. రోజుకు పదిసార్లు, రెండువైపుల నుంచీ.
మన హైదరాబాద్ ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ టైటిల్ గెలిచింది. 2024లో చెన్నై ఆటో డ్రైవర్ కూతురు కాజిమా అమెరికాలో ప్రపంచ కప్‌లో మూడు స్వర్ణాలు తెచ్చింది. మన బస్తీ టోర్నీల్లో మాత్రం ఇంకా మహిళల విభాగమే పెట్టరు. దసరా టోర్నీలోనైనా ఉందా?

ఓరుగల్లు స్ట్రైకర్
లేదు అక్కా. రేపు నిర్వాహకులను అడుగుతాను, నిజంగా అడుగుతాను.

జమ్మికుంట పత్తి
ఇంకో విషయం. ఫైనల్ రోజు చుట్టూ నిలబడి పందేలు కాసేవాళ్లను బోర్డు దగ్గరికి రానివ్వొద్దని ముందే చెప్పు. పోయినేడు నా మీద మా దోస్తు 5 వేలు పెట్టాడని సరిగ్గా చివరి బోర్డుకు ముందు ఎవరో చెవిలో చెప్పారు. స్ట్రైకర్ నేరుగా పాకెట్‌లోకి పోయింది. ఆ తప్పుకు, వేసిన కాయిన్ ఒకటి బోర్డు మీదికి వెనక్కి వచ్చింది. ఆ దోస్తు నాతో మాట్లాడక ఏడాదైంది.

రెడ్ కవర్
పందెం కాసినవాడిదే తప్పు, నీదేం లేదు. కానీ నాకొకటి అనుమానం. స్ట్రైకర్ పడిపోతే ‘చేయి జారింది’ అంటారు, చాలాసార్లు అసలు కారణం బరువు. ఓరుగల్లు, నీది ఎంత తూగుతుంది? నిబంధన ప్రకారం 15 గ్రాములు దాటకూడదు. మన దగ్గర దుకాణాల్లో దొరికేవి కొన్ని దానికంటే బరువే.

కాజీపేట జంక్షన్
బరువు ఉంటేనే బ్రేక్ బాగా విరుగుతుంది. నాది పాతది, నేనెప్పుడూ తూచలేదు.

రెడ్ కవర్
సార్, మీరు గెలిచిన అయిదింట్లోనూ ఎవరూ తూచలేదన్నమాట.

కాజీపేట జంక్షన్
ఏమంటున్నావు నువ్వు? రేపే తూపిస్తా. ఎక్కువుంటే ఇక్కడే రాస్తా, ఇక దాంతో ఆడను.

ఓరుగల్లు స్ట్రైకర్
నేను ఇవాళే మండిబజార్‌లో బంగారం షాపు కాటా మీద పెట్టించా. 15.8 గ్రాములు. ఫైనల్‌లో కూడా దీంతోనే ఆడాను. తెలియక ఆడాను గానీ, మనసుకు బాగా లేదు. కొత్తది తీసుకున్నా, 14.9. తేలిగ్గా ఉంది, కట్‌కు ఎంత బలం పెట్టాలో ఇంకా అందట్లేదు. అక్క చెప్పినట్టు స్కోరు రాసుకుని నిన్న పదిసార్లు ఆడాను. ముందు రెడ్ తీసినవి ఆరు, ఆ ఆరింట్లో ఒక్కటీ పోలేదు. మిగతా నాలుగింట్లో రెండు పోయాయి.

కాజీపేట జంక్షన్
నాది 15.3 ఉంది. మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నా. తమ్మీ, ఆ 14.9 ఎక్కడ దొరికింది? నాకొకటి తీసిపెట్టు. ఆదివారం పొద్దున పదింటికి కాజీపేటకు రా, ఇద్దరం కొత్తవాటితోనే ఆడదాం. భూపాలపల్లి తమ్మీ, షిఫ్ట్ లేకుంటే నువ్వూ రా. అడ్డం పెడతా, ముందే చెబుతున్నా.

భూపాలపల్లి బిడ్డ
నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వస్తా. బోర్డు మీద బల్బు ముందే వెలిగించి ఉంచండి.