మింట్‌లో తెలుగు పని: టైటిల్ బార్‌లో ఒత్తులు తెగుతున్నాయి, సాఫ్ట్‌వేర్ అనే మాట అతుక్కుపోతోంది

వేళచ్చేరి_వర్డ్స్:

అందరికీ నమస్తే. చెన్నైలో ఉంటాను. తెలుగు సబ్‌టైటిళ్ళు, యాప్‌ల అనువాదాలు దిద్దడం నా పని. 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, నా థింక్‌ప్యాడ్ ఏమో విండోస్ 11కి పనికిరాదంది. సరేలే అని విండోస్‌కి బదులు లినక్స్ మింట్ 22ని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వేశాను. 8 జీబీ ర్యామ్, 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్. పక్కన రిచీ స్ట్రీట్‌లో కొన్న 24 అంగుళాల సెకండ్ హ్యాండ్ మానిటర్, అదీ ఫుల్ హెచ్‌డీనే.

మిషన్ హాయిగా నడుస్తోంది. తెలుగు దగ్గరే తలనొప్పి.

ఫైల్ పేరు తెలుగులో ఉంటే విండో పైనుండే టైటిల్ బార్‌లో ఒత్తులు సగానికి తెగుతున్నాయి. లిబ్రే ఆఫీస్‌లో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) స్టైల్‌కి ఏ ఫాంట్ పెట్టినా తెలుగు మారదు, ఇంగ్లీషు మాత్రమే మారుతుంది. అన్నిటికన్నా చిరాకు ఇది: ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో (ఏ కీకి ఏ తెలుగు అక్షరమో చెప్పే అమరిక) సాఫ్ట్‌వేర్ అని కొడితే సాఫ్ట్వేర్ అని పడుతోంది. విండోస్‌లో అలవాటైన కీ ఇక్కడ పలకట్లేదు. క్లయింట్ ఒకటే నస.

ఇంకోటి. అందరూ పెట్టే స్క్రీన్‌షాట్లు చూసి నాకూ డెస్క్‌టాప్ అందంగా చేసుకోవాలని ఉంది. థీమ్ ఏది బాగుంటుంది?

ఎగ్మూరు_ఎడిటర్:

థీమ్ సంగతి చివర్లో చూద్దాం. రోజంతా తెలుగు కొట్టేవాళ్ళు ముందు కీబోర్డు, తర్వాత ఫాంటు, ఆ తర్వాతే వాల్‌పేపర్ అనుకోవాలి. నేనూ ఇదే ఊళ్ళో ఇదే పనిలో ఉన్నాను. థ పొట్టలో చుక్క ఉందో లేదో తెలియడానికి స్క్రీన్‌లోకి తల దూర్చాల్సి వస్తుంటే, పారదర్శకమైన ప్యానెల్ పెట్టుకుని ఏం లాభం చెప్పండి.

ఒత్తు పడకుండా ఆపే కనబడని అక్షరం ఒకటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత అది పడితే తర్వాతి హల్లు ఒత్తుగా మారదు. సాఫ్ట్‌వేర్‌లో ట్ అక్షరానికీ వ అక్షరానికీ మధ్య అది లేకపోతే ఫ కిందకి ట ఒత్తూ వ ఒత్తూ రెండూ చేరి కూర్చుంటాయి. దీన్ని షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కితే వచ్చేలా చేయొచ్చు. లినక్స్‌లో ఆ సదుపాయం ముందునుంచీ ఉంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ళ సెట్టింగ్స్ విండోలో మాత్రం కనబడదు.

ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్ లోపల డిఫాల్ట్ ఫోల్డర్‌లో కీబోర్డ్ అనే ఫైల్ ఉంటుంది. సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో తెరవండి. లేఅవుట్ వరుసలో యూఎస్, కామా, ఇన్ (చిన్న అక్షరాల్లో). వేరియంట్ వరుసలో ముందు కామా, తర్వాత టీఈఎల్. ఇంగ్లీషుకి వేరియంట్ లేదు కాబట్టి కామాకి ఎడమ పక్క ఖాళీగానే ఉండాలి. అది మర్చిపోతే తెలుగు రాదు. ఆప్షన్స్ వరుసలో మూడు రాయండి, మధ్యలో కామాలతో, స్పేస్‌లు లేకుండా: జీఆర్‌పీ కోలన్ క్యాప్స్ అండర్‌స్కోర్ టాగుల్, జీఆర్‌పీ అండర్‌స్కోర్ ఎల్‌ఈడీ కోలన్ క్యాప్స్, ఎన్‌బీఎస్‌పీ కోలన్ జెడ్‌డబ్ల్యూఎన్‌జే2. మొదటిదానితో క్యాప్స్ లాక్ నొక్కగానే భాష మారుతుంది. రెండోదానితో తెలుగులో ఉన్నప్పుడు క్యాప్స్ దీపం వెలుగుతుంది. ఆ దీపం నా ప్రాణం! పాస్‌వర్డ్ పెట్టెలో గుడ్డిగా తెలుగు కొట్టే బాధ తప్పుతుంది.

ఇదంతా రాశాక ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ ట్యాబ్‌కి వెళ్ళి యూజ్ సిస్టమ్ డిఫాల్ట్స్ ఆన్ చేయండి. లేకపోతే అది తన సొంత లేఅవుట్లే వాడుతుంది, మీ ఫైల్‌ని పట్టించుకోదు. మిషన్ రీస్టార్ట్ చేస్తే చాలు.

ఒక జాగ్రత్త. షిఫ్ట్ స్పేస్ ఇంగ్లీషులో ఉన్నప్పుడూ పనిచేస్తుంది. క్యాపిటల్ కొట్టి షిఫ్ట్ వదలకుండా స్పేస్ నొక్కితే టెర్మినల్‌లో స్పేస్‌కి బదులు ఆ కనబడని అక్షరం పడి, కమాండ్ దొరకలేదని మొరాయిస్తుంది. ఫైల్లో అలాంటివి దాక్కున్నాయని అనుమానం వస్తే క్యాట్ కమాండ్‌కి హైఫన్, క్యాపిటల్ ఏ తగిలించి చూడండి, బయటపడతాయి.

లిబ్రే ఆఫీస్ విషయం: దాని దృష్టిలో తెలుగు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) కిందికి వస్తుంది, దానికి ఫాంటూ సైజూ విడిగా ఉంటాయి. ఆప్షన్స్‌లో భాషల విభాగంలో ఆ పెట్టెలో టిక్ పెట్టండి. అప్పుడు రైటర్ విభాగంలో బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అని కొత్త పేజీ కనిపిస్తుంది. మీరు ఇన్నాళ్ళూ స్టైల్‌లో మార్చింది ఇంగ్లీషుకుండే వెస్టర్న్ ఫాంట్‌ని.

టైటిల్ బార్‌లో ఒత్తులు తెగడం థీమ్ మహిమే. ఎక్స్‌ఎఫ్‌సీఈ విండో థీముల్లో చాలావరకు టైటిల్ పట్టీ చిన్న చిన్న బొమ్మలతో కట్టినది, ఎత్తు ముందే ఖాయం. ఫాంట్ ఎంత కిందికి దిగినా అది పెరగదు. విండో మేనేజర్‌లో డిఫాల్ట్ హెచ్‌డీపీఐ అన్నది ఎంచుకుని చూడండి. పట్టీ లావవుతుంది, స్త్రీ, రాష్ట్రం లాంటివి కూడా నిండుగా కనిపిస్తాయి. ప్యానెల్‌లో కూడా తెగుతుంటే నోటో సాన్స్ తెలుగు యూఐ పెట్టుకోండి. మామూలు నోటో కన్నా పైనా కిందా తక్కువ చోటు తీసుకునేలా మెనూల కోసమే చేసిన రకం అది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:

బెంగళూరు నుంచి. ఎడిటర్ గారు చెప్పినవన్నీ కరెక్టే కానీ అసలు సమస్య ఒకటి వదిలేశారు. బ్రదర్, మీ ల్యాప్‌టాప్ స్క్రీన్ అంగుళానికి దాదాపు 157 పిక్సెళ్ళు, మానిటర్ 92. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఫాంట్ డీపీఐ (అక్షరాల సైజుని నిర్ణయించే అంకె) రెండిటికీ ఒక్కటే. ఒకదాంట్లో బాగుంటే రెండోదాంట్లో చీమ తలకాయంత కనిపిస్తుంది. నేనైతే కేడీఈ ప్లాస్మా 6 అనే వేరే డెస్క్‌టాప్‌కి మారి వేలాండ్‌లో (తెరమీద విండోలు చూపించే కొత్త పద్ధతి) ఒక్కో స్క్రీన్‌కి ఒక్కో స్కేలింగ్ పెట్టుకున్నాను. ఆ కీబోర్డు ఆప్షన్లు కూడా అక్కడ సెట్టింగ్స్‌లోనే టిక్ పెట్టుకోవచ్చు, ఫైళ్ళు తెరిచే పని లేదు. 8 జీబీకి ప్లాస్మా బరువేం కాదు.

ఎగ్మూరు_ఎడిటర్:

మంచి సలహానే, కాకపోతే మింట్ 22కి ఆధారం ఉబుంటు 24.04 అనే మరో లినక్స్, అందులో ఉన్నది ప్లాస్మా 5.27. ప్లాస్మా 6 కావాలంటే డెబియన్ 13 లాంటి వేరే లినక్స్ మళ్ళీ మొదటినుంచీ ఎక్కించుకోవాలి. డెడ్‌లైన్ నెత్తిమీద పెట్టుకుని ఎవరు చేస్తారండీ? దిద్దాల్సినది 24 అంగుళాల దానిమీద, రెఫరెన్స్ పీడీఎఫ్ ల్యాప్‌టాప్ మీద పెట్టుకుంటే సరి. రెండిట్లోనూ జూమ్ ఎలాగూ ఏ విండోకా విండో.

పాతచింతకాయ:

నేను చెప్పేది చిన్నది. విండో మేనేజర్‌లో కీబోర్డ్ ట్యాబ్ తెరిచి, విండోని ఎడమకి, కుడికి టైల్ చేసే వరుసలకు చేతికి అందే కీలు ఇచ్చుకోండి. మూలం ఎడమన, అనువాదం కుడిన. మౌస్ ముట్టుకోనక్కర్లేదు. అన్నట్టు, ఎవరైనా పాత డీటీపీ చేతులవాళ్ళు ఇది చదువుతుంటే, ఐబస్‌లో (లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ప్రోగ్రాం) ఎం17ఎన్ అనే లేఅవుట్ల కట్ట వేసుకుంటే తెలుగు ఆపిల్ లేఅవుట్ కూడా దొరుకుతుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని ఎవరో బెదిరిస్తే భయపడకండి.

వేళచ్చేరి_వర్డ్స్:

ఎడిటర్ గారూ, మీకు శతకోటి వందనాలు! షిఫ్ట్ స్పేస్ పనిచేసింది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, పాస్‌వర్డ్ అన్నీ విడివిడిగా పడుతున్నాయి. సీటీఎల్ పేజీ కూడా దొరికింది, మండలి ఫాంట్ పెట్టాను. హెచ్‌డీపీఐ పట్టీ మాత్రం మరీ లావుగా ఉంది, కానీ ఒత్తులు కనిపిస్తున్నాయి కాబట్టి ఉంచేశాను. సిల్క్‌బోర్డ్ బ్రో, ప్లాస్మా ఈ ప్రాజెక్ట్ అయ్యాక చూస్తాను.

ఒక్కటి మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని సైట్లలో తెలుగు ఇంకా సన్నగా, వేరే ఫాంట్‌లో వస్తోంది.

పాతచింతకాయ:

ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ పక్కన అడ్వాన్స్‌డ్ నొక్కండి. పైన భాషల జాబితాలో తెలుగు ఎంచుకుని సెరిఫ్, సాన్స్ సెరిఫ్ రెండింటికీ కావాల్సిన ఫాంట్ ఇవ్వండి. సైటు తన సొంత ఫాంట్ పంపుతుంటే ఇది సరిపోదు, కింద పేజీలు తమ ఫాంట్లు ఎంచుకోనివ్వాలా అన్న టిక్ తీసేయాలి. అది తీస్తే కొన్ని సైట్లలో ఐకాన్ల బదులు గళ్ళు కనిపిస్తాయి, కాబట్టి పని చేసే ప్రొఫైల్‌లో మాత్రమే తీయండి.