దాచుకోవడమా, దాచిపెట్టడమా?

గిట్‌లో (ప్రోగ్రామ్ కోడ్‌లో మార్పుల్ని నమోదు చేసి పెట్టే సాధనం) పాస్‌వర్డ్ ప్రతిసారీ కొట్టకుండా దానంతటదే వెళ్లే ఏర్పాటు గురించి మా కొత్తవాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. స్టోర్, క్యాష్ అని రెండు పద్ధతులు. స్టోర్‌కి 'దాచు' అని రాస్తే, చదివినాయన "దాస్తుందిగా, ఇంక భయమేముంది" అన్నారు. చిక్కంతా అక్కడే. అది పాస్‌వర్డ్‌ని హోమ్ ఫోల్డర్‌లోని ఒక ఫైల్లో ఉన్నదున్నట్టు రాసేస్తుంది. తెరిచి చూస్తే యూజర్ పేరు, కోలన్, పాస్‌వర్డ్, సర్వర్ చిరునామా ఒకే లైన్లో పచ్చిగా కనిపిస్తాయి. దాచుకుంది కానీ దాచిపెట్టలేదు. ఏం మాట వాడను?

— డబ్బు దాచుకున్నాడంటే కూడబెట్టాడని, నిజం దాచాడంటే కప్పిపుచ్చాడని. ఒకే ధాతువు రెండు పనులకూ సరిపోతోంది. మీకు కావాల్సింది 'రాసిపెట్టు'. తమాషా ఏంటంటే, క్యాష్‌కి (డబ్బు క్యాష్ కాదు లెండి) మూలమైన ఫ్రెంచి మాటకి అర్థం దాచిపెట్టడమే.

— 'రాసిపెట్టు' బాగుందండీ. మరి క్యాష్ ఫైల్లో రాయదు. మెమరీలో ఉంచుకుని, మనం గడువు మార్చకపోతే 900 సెకన్లకి మరిచిపోతుంది. దానికి 'కాసేపు గుర్తుంచుకో' అంటాను.

— ఇంకో మాట. లాగిన్ కుదరనప్పుడల్లా 'పాస్‌వర్డ్ తప్పు' అని మాత్రం రాయకండి. సర్వర్ నుంచి 401 అనే ఎర్రర్ నంబర్ వస్తే నువ్వెవరో తేలలేదని. 403 అయితే నువ్వెవరో తెలుసు, కానీ అనుమతి లేదని. 401 వస్తే ఆ పాస్‌వర్డ్‌ని చెరిపేయమని స్టోర్‌కో క్యాష్‌కో గిట్ తానే చెబుతుంది. 403కి చెప్పదు. నాకు అదే జరిగింది, రెండు ఖాతాలుండేవి. పాత ఖాతా వివరాలే మళ్లీ మళ్లీ వెళ్తుంటే, నేను కొత్త ఖాతా పాస్‌వర్డ్ మారుస్తూ కూర్చున్నాను! ఆ ఫైల్లో పాత లైన్ తీసేశాక గానీ పుష్ (కోడ్‌ని సర్వర్‌కి పంపడం) అవ్వలేదు. ఎర్రర్‌లో పాత యూజర్ పేరు కనిపిస్తూనే ఉంది, నేనే చదవలేదు.

— 'పాస్‌వర్డ్' అన్న మాట కూడా ఇప్పుడు మోసమే. గిట్ కోడ్‌ని ఆన్‌లైన్లో ఉంచుకునే సైట్ గిట్‌హబ్, 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకి ఖాతా పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదు. అడిగేది పాస్‌వర్డ్, ఇవ్వాల్సింది టోకెన్ (పాస్‌వర్డ్ బదులు ఆ సైట్ తయారుచేసి ఇచ్చే పొడవాటి కోడ్).

— సరే, అక్కడ 'టోకెన్ ఇవ్వండి' అనే రాస్తాను. 403కి 'అనుమతి లేదు, ఏ పేరుతో వెళ్లిందో చూడండి' అని పెడుతున్నాను.